సదస్సుకొచ్చారా? ఒక రోజు కాళ్లకివ్వండి

సదస్సు సంచిలో ఏముంటాయో మీకు తెలియనిది కాదు. నోట్‌ప్యాడు, పెన్ను, మెడలో వేసుకునే కార్డు, భోజనం కూపన్లు. వీటితోపాటు చెప్పకుండా ఇచ్చేది ఇంకొకటుంది. అది కుర్చీ. ఉదయం తొమ్మిదిన్నరకు జ్యోతి ప్రజ్వలన దగ్గర కూర్చుంటే సాయంత్రం వందన సమర్పణ దాకా లేచేది టీకి, భోజనానికి మాత్రమే. ఆ భోజనం కూడా మామూలుగా ఉండదు. బిర్యానీ, పూరీ, పనీర్ కూర, పక్కనే రెండు రకాల తీపి. తినగానే మళ్లీ చల్లటి ఏసీ హాలు, మసక వెలుతురు, తెర మీద స్లైడ్లు. ఇలా మూడు రోజులు గడిస్తే నడుము పట్టేస్తుంది, మెడ బిగుస్తుంది, సాయంత్రానికి చెప్పులు బిగుతవుతాయి. మధుమేహం ఉన్నవారికి గ్లూకోమీటరులో అంకె పెరుగుతుంది. రాత్రి నిద్ర సరిగా పట్టదు. చాలామంది ఇదంతా ‘కొత్త చోటు, నీళ్లు పడలేదు’ అనుకుంటారు. సగం కారణం కదలకపోవడమే.

నిర్వాహకులు దీనికి విరుగుడు అనుకుని నాలుగో రోజు ‘సైట్ సీయింగ్’ పెడతారు. అదేమిటో చూడండి. బస్సులో రెండు గంటలు, ఒకచోట ఇరవై నిమిషాలు ఫొటోలు, మళ్లీ బస్సు. అంటే మరో ఆరు గంటల కుర్చీ! సాంస్కృతిక కార్యక్రమాలదీ అదే తీరు. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత శాస్త్రవేత్తల మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. మన దేశంలో అది జరగడం అదే మొదటిసారి. అతిథుల కోసం శ్రీనివాస రామానుజన్ జీవితం అల్లుకున్న ఒక ఆంగ్ల నాటకం వేశారు. విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి దాదాపు నలభై మందితో చదరంగం ఆడారు. రెండూ ఎంతో గొప్ప కార్యక్రమాలే. ఆరోగ్యం పేజీ కాబట్టి ఒక మాట అనక తప్పదు. ఆ సాయంత్రం బల్ల నుంచి బల్లకు నడిచింది ఆనంద్ ఒక్కరే. మిగతా అందరూ కూర్చునే ఉన్నారు.

ఈసారి మీరు గచ్చిబౌలి వైపు ఏ విశ్వవిద్యాలయంలో సదస్సుకు వచ్చినా, లేదా అతిథులను తిప్పే బాధ్యత మీ మీద పడినా, ఆ ఖాళీ రోజును పడమటి వైపు పెట్టండి. వికారాబాద్, తాండూరు. కొండ, అడవి, చెరువు, నల్లరేగడి, నాపరాళ్లు అన్నీ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. ఎక్కువ చూడాలని కాదు, ఎక్కువ నడవాలని.

రైలెక్కండి

లింగంపల్లి స్టేషన్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి దగ్గరే. అక్కడ ఆగి వికారాబాద్ మీదుగా తాండూరు వెళ్లే రైళ్లున్నాయి. ఇది సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే పాత నిజాం రైలు మార్గం. వికారాబాద్ దగ్గర బీదర్ వైపు మరో మార్గం చీలుతుంది. ఊరికి ఆ పేరు పైగా నవాబు, హైదరాబాద్ సంస్థాన ప్రధానమంత్రిగా పనిచేసిన వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే.

రైలే ఎందుకంటే, అందులో లేచి నిలబడొచ్చు, పెట్టె ఆ చివర నుంచి ఈ చివరకు నడవొచ్చు. రోడ్డు అందంగా లేదని కాదు. చేవెళ్ల దారిలోని మర్రిచెట్లు చూసి తీరాల్సినవి. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. కానీ ఆ రోడ్డు మీద లారీల రద్దీ విపరీతం. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్న ఘోరం ఇంకా ఎవరూ మరచిపోలేదు. కారులోనే వెళ్లాలనుకుంటే తెల్లవారుజామున, రాత్రి మాత్రం వద్దు. నిద్ర చాలని మనిషి స్టీరింగ్ పట్టుకోవడం అసలే వద్దు.

విదేశాల నుంచి వచ్చినవారికి ఈ నిద్ర మాటే ముఖ్యం. శరీరంలోని గడియారం కొత్త వేళలకు సర్దుకోవడానికి సుమారుగా గంట తేడాకు ఒక రోజు పడుతుంది. దాన్ని సర్దేది మాత్రల కంటే పగటి వెలుతురు. ఏసీ హాల్లో మూడు రోజులు కూర్చుంటే ఆ వెలుతురే దొరకదు. యూరప్ నుంచి వచ్చినవారు మొదటి ఒకటి రెండు రోజులు పొద్దున పదిన్నర దాటాక బయట తిరగడం మేలు. మరీ తెల్లవారుజామున ఎండలోకి వెళితే వారి గడియారం ఇంకా వెనక్కి జరిగే అవకాశం ఉంది. నాలుగో రోజుకు ఈ చిక్కు చాలావరకు తీరుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరవచ్చు.

కొండ గాలి మందేనా?

వికారాబాద్ స్టేషన్ నుంచి అనంతగిరి అయిదారు కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు దొరుకుతాయి. ఊటీ, కొడైకెనాల్ లాంటి ఎత్తు ఊహించుకోవద్దు. హైదరాబాద్ కంటే కొద్దిగానే ఎత్తు. అయినా చెట్ల నీడ వల్ల చల్లదనం తెలుస్తుంది.

‘ఇక్కడి గాలి పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు పోతాయి, అంతా వనమూలికల గాలి’ అని దారిలో మీకు ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. ఆ మాటకు ఒక చరిత్ర ఉంది. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగుల కోసం శానిటోరియం కట్టారు. క్షయకు మందు లేని రోజులవి. మంచి గాలి, ఎండ, విశ్రాంతి, పుష్టికరమైన తిండి... వైద్యులు ఇవ్వగలిగింది ఇదే. అందుకే ప్రపంచమంతటా ఇలాంటి ఆసుపత్రులను కొండల మీద, అడవుల మధ్య కట్టేవారు. మన రాయలసీమలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం కూడా అలా వెలసిందే.

తర్వాత మందులు వచ్చాయి. అప్పుడో ప్రశ్న లేచింది. మందులు వేసుకుంటున్నప్పుడు కొండ గాలి నిజంగా అవసరమా? దానికి జవాబు చెప్పింది మద్రాసు. 1956లో అక్కడి పరిశోధకులు క్షయ రోగులను రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి శానిటోరియంలో, ఇంకో వర్గానికి వారి ఇళ్లలోనే ఒకే మందులు ఇచ్చారు. ఇళ్లంటే బంగళాలు కావు, కిక్కిరిసిన పేద ఇళ్లు. తిండి కూడా అంతంత మాత్రమే. 1959లో వచ్చిన ఫలితాల్లో రెండు వర్గాలూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబ సభ్యులకు అదనంగా ముప్పు పెరగలేదని కూడా తేలింది. ఆ ఒక్క అధ్యయనంతో ప్రపంచమంతటా క్షయ చికిత్స తీరు మారిపోయింది.

కాబట్టి స్పష్టంగా చెప్పుకుందాం. అనంతగిరి గాలి క్షయను తగ్గించదు, ఉబ్బసాన్ని మాన్పదు. ‘కొండకు వచ్చాం కదా’ అని ఇన్‌హేలర్ హోటల్లో వదిలి రావద్దు. వర్షాకాలంలో తడి ఆకులు, బూజు, గడ్డి పుప్పొడి వల్ల కొందరికి ఇక్కడే ఆయాసం ఎక్కువ కావచ్చు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కావాల్సింది షికారు కాదు, కఫం పరీక్ష. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

మరి ఇక్కడికి రావడం ఎందుకు? కాళ్ల కోసం. చెట్ల మధ్య నడిస్తే మనసు నెమ్మదిస్తుంది, అది ఎవరికి వారికి తెలిసే విషయమే. కానీ మూడు రోజులు ముడుచుకున్న పిక్కల కండరాలు పనిచేయడం, చక్కెరను అవి వాడుకోవడం, నడుము నిటారు కావడం... ఇవి నడిస్తేనే వస్తాయి. నడక లేకుండా కారులో కొండెక్కి, వ్యూ పాయింటు దగ్గర చిప్స్ తిని దిగి వస్తే గచ్చిబౌలిలో ఉన్నా ఒకటే.

ఎంత నడవాలి, ఎలా నడవాలి

అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర మొదలుపెట్టండి. మార్కండేయుడు తపస్సు చేసిన చోటు ఇదేనని స్థలపురాణం చెబుతుంది. గుడి దిగువన భవనాశిని కోనేరు ఉంది. హైదరాబాద్‌ను రెండుగా చీల్చే మూసీ నది పుట్టేది ఈ గుట్టల్లోనే. పాతబస్తీ వంతెనల మీద ముక్కు మూసుకుని మూసీని దాటిన అతిథికి ఇక్కడి సన్నటి నీటి పాయ చూపించండి. ‘ఇది అదేనా!’ అని ఆగిపోతారు. ఊటనీరు పారే బుగ్గ రామేశ్వరం కూడా దగ్గర్లోనే ఉంది. ఓపిక ఉన్నవారికి అక్కడిదాకా వెళ్లడం మంచి నడక.

వేగం గురించి గడియారం చూడనక్కర్లేదు. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ అవసరమంటుంది. సదస్సు వారంలో మీ ఖాతాలో దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఈ ఒక్క రోజు రెండు గంటలు నడిస్తే ఆ లోటు చాలావరకు పూడుతుంది. అలాగని ఏడాదంతా కదలకుండా ఉన్న యాభై దాటిన ప్రొఫెసరు పాతికేళ్ల పరిశోధక విద్యార్థులతో పందెం వేసుకోవడం వద్దు. గుండెలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, మామూలు కాని చెమట, కళ్లు తిరగడం... వీటిలో ఏది వచ్చినా ‘గ్యాస్’ అనుకోకుండా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయాలి. అడవిలో కొన్నిచోట్ల సిగ్నల్ అందదు. అందుకే ఒంటరిగా వెళ్లకూడదు.

ఎక్కేటప్పుడు గుండెకు పరీక్ష, దిగేటప్పుడు మోకాలికి. కీళ్ల నొప్పులున్నవారు ఎక్కడం చూసి భయపడతారు గానీ అసలు ఇబ్బంది దిగడంలోనే. అడుగులు చిన్నవిగా వేసి, మోకాలు కాస్త వంచి, ఒక కర్ర ఊతంగా పట్టుకోండి. మర్నాడు తొడలు నొప్పి పుడితే అది దిగుడు వల్లే. రెండు మూడు రోజుల్లో పోతుంది. సదస్సు కోసం వేసుకున్న నున్నటి తోలు బూట్లు ఇక్కడ పనికిరావు. తడి రాళ్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకునేది ఎక్కువగా వాటితోనే.

ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారికి ఒక మాట. రోజూ లేని నడక హఠాత్తుగా చేస్తే చక్కెర పడిపోవచ్చు. జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలో, చక్కెర పొట్లమో ఉండాలి. వణుకు, చెమట, తికమక మొదలైతే ముందు అది నోట్లో వేసుకుని ఆ తర్వాత మాట్లాడండి.

ఇక కోతులు. అనంతగిరిలో అవి మందలు మందలుగా ఉంటాయి. విదేశీ అతిథులు ముచ్చటపడి అరటిపండు చేతికి అందిస్తారు, సమస్య అక్కడ మొదలవుతుంది. తిండి చేతిలో కనిపించకూడదు, కవరు చప్పుడు వినిపించకూడదు. పళ్లు ఇకిలిస్తే అది నవ్వు కాదు, బెదిరింపు. కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా సబ్బు పెట్టి పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే రేబిస్ టీకా మొదటి డోసు వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే దాంతోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. ‘రేపు ఫ్లైట్ ఉంది, ఊరెళ్లాక చూసుకుంటా’ అనే మాట ఇక్కడ ప్రాణాంతకం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. మొదటి డోసు ఇక్కడ వేయించుకుని చీటీ దగ్గర పెట్టుకుంటే మిగిలినవి ఏ దేశంలోనైనా పూర్తిచేసుకోవచ్చు.

నీళ్ల దగ్గర

వికారాబాద్, తాండూరుల మధ్య ధారూరు వైపు అడవి అంచున కోట్‌పల్లి ప్రాజెక్టు ఉంది. కొన్నేళ్లుగా కయాకింగ్‌కు పేరు తెచ్చుకుంది. తెడ్డు వేయడం భుజాలకు, వీపుకు చక్కటి వ్యాయామం. ల్యాప్‌టాప్ మీద వంగిపోయిన మెడకు ఇంతకంటే మంచి విరుగుడు లేదు. అయితే తిప్పాల్సింది నడుము, లాగాల్సింది వీపు. చేతులతోనే లాగితే పావుగంటలో భుజాలు పట్టేస్తాయి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. ‘నాకు ఈత వచ్చు’ అనేది కారణం కాదు. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాకా జారివస్తే అది మీ కొలత కాదు. పడవలో జాకెట్ ఇవ్వని చోట పడవ ఎక్కొద్దు. మద్యం తాగి నీళ్లలోకి దిగొద్దు. గాలి లేచి అలలు మొదలైతే డబ్బులు పోయినా ఒడ్డుకు రండి. జిల్లాలో సర్పన్‌పల్లి వంటి ఇతర జలాశయాలున్నాయి. వాటికీ ఇదే వర్తిస్తుంది. మీకు ఒక్క రోజే ఉంటే కోట్‌పల్లి, తాండూరులలో ఒకదాన్నే ఎంచుకోండి. రెండూ కావాలంటే మళ్లీ కారు సీటుకు అతుక్కుపోతారు. నన్నడిగితే తాండూరుకే ఓటు. అక్కడ పర్యాటకుల గుంపు ఉండదు, నేర్చుకునేది ఎక్కువ.

తాండూరులో ఏముంది?

మూసీ అనంతగిరి నుంచి తూర్పుకు పోతే కాగ్నా పడమటికి పారుతుంది. తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి భీమా నదిలో కలుస్తుంది. చివరకు రెండు నీళ్లూ కృష్ణలోనే కలుస్తాయి. రైలు కాగ్నా వైపే దిగుతుంది. నేల రంగు మారడం కిటికీలోంచే కనిపిస్తుంది. ఎర్రమట్టి తగ్గి నల్లరేగడి వస్తుంది. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ ఒకే వాక్యంలో వినిపిస్తాయి. భాషాశాస్త్రం సదస్సుకు వచ్చినవారైతే ఇక్కడినుంచి కదలరు.

ఈ నల్లరేగడి, దాని కింది సున్నపురాయి కలిసి పండించేదే తాండూరు కంది. 2022లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అందుకు దరఖాస్తు చేసింది యాలాల ప్రాంత రైతుల ఉత్పత్తిదారుల సంస్థ. పప్పు తొందరగా ఉడుకుతుంది, రుచి ఉంటుంది, చాలాకాలం నిలవ ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో వస్తే చేలు పసుపు పూలతో ఉంటాయి. సంక్రాంతి ముందు వస్తే ఉడికించిన పచ్చి కందికాయలు దొరుకుతాయి. మూడు రోజుల బఫే తిన్న కడుపుకు మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టండి. జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం కందిపప్పులో బాగా ఉంటుంది. రెండూ కలిస్తేనే మాంసకృత్తులు పూర్తి. పీచు ఎక్కువ కాబట్టి ప్రయాణాల్లో వచ్చే మలబద్ధకానికీ మంచిది. కాకపోతే నీళ్లు బాగా తాగాలి. జొన్నలో గ్లూటెన్ ఉండదు, గోధుమ పడని విదేశీ అతిథులకు ఇది వరం. రొట్టెలో గోధుమపిండి కలిపారా అని మాత్రం ఒకసారి అడగండి.

ఇక రాయి. మీ యూనివర్సిటీ వరండాలో పరిచిన నీలి బండో, పసుపు బండో తాండూరుదే కావచ్చు. గనుల్లో పొరలు పొరలుగా లేచే నాపరాయిని ఇక్కడి పాలిషింగ్ యూనిట్లలో కోసి, రుద్ది, నున్నగా చేస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఊపిరి గురించి ఇందాక అనంతగిరిలో చెప్పుకున్నదానికి రెండో ముఖం ఇదే. రాతి ధూళి, సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు లేపే దుమ్ముతో తాండూరు జనం ఎన్నో ఏళ్లుగా ఇబ్బంది పడుతున్నారు. ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవారు గనుల వైపు వెళ్లకపోవడమే మంచిది. మిగిలినవారు ఎన్95 మాస్కు పెట్టుకోండి. గుడ్డ రుమాలు సన్నటి ధూళిని ఆపలేదు.

మీరు ఉండేది గంట. అక్కడ పనిచేసేవారు ముప్పై ఏళ్లు ఉంటారు. రాతి ధూళిలో సిలికా పాళ్లు ఎంత ఎక్కువైతే సిలికోసిస్ ముప్పు అంత ఎక్కువ. ఆ జబ్బు చాలా ఏళ్లకు బయటపడుతుంది, దానికి మందు లేదు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశమూ ఎక్కువే. నివారణ మాత్రం చాలా సులువు. నీళ్లు చల్లుతూ కోయాలి, పొడిగా కోయకూడదు. యూనిట్ చూడటానికి వెళితే ముందుగా గమనించాల్సింది అదే. రంపం మీద నీళ్లు పడుతున్నాయా? కార్మికుల ముఖాలకు మాస్కులున్నాయా? సదస్సుకు వచ్చిన మీలో వైద్యులు, ఇంజినీర్లు, సామాజిక శాస్త్రవేత్తలు ఉంటారు. యజమానిని ఆ రెండు ప్రశ్నలూ మర్యాదగానే అడగొచ్చు. ఒక జాగ్రత్త. వదిలేసిన గని గుంతల్లో నీలంగా నిలిచిన నీళ్లు చూసి దిగొద్దు. అంచులు నిటారుగా ఉంటాయి, లోతు తెలియదు.

రోజు కలిసివస్తే

బతుకమ్మ రోజుల్లో మీ సదస్సు పడిందంటే అదృష్టమే. ఈ గుట్టల మీది తంగేడు, గునుగు పూలే బతుకమ్మలవుతాయి. అతిథులను కుర్చీలో కూర్చోబెట్టి చూపించకుండా వలయంలోకి దింపండి. వంగడం, చప్పట్లు, అడుగు, మళ్లీ వంగడం... అరవై దాటిన అమ్మలు గంటసేపు ఆడతారు, కీళ్లకు దెబ్బ తగలని వ్యాయామం. కార్తీకంలో అనంతగిరి పెద్ద జాతర, నవంబరులో ధారూరు క్రైస్తవ జాతర జరుగుతాయి. అప్పుడు జనం బాగా ఉంటారు కాబట్టి పిల్లలు, వృద్ధులు వెంట ఉంటే మరో రోజు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పది నుంచి నాలుగు వరకు ఎక్కడికీ కదలొద్దు.

తిరుగు రైలుకు ముందు బజారులో కిలో కందిపప్పు కొనుక్కోండి. మర్నాడు విమాన ప్రయాణం ఉంటే నడవా పక్క సీటు అడగండి. గంటకోసారి లేవండి, మడమలు పైకీ కిందికీ ఆడించండి. ఈ నడకకు రెండు పిక్కలూ నొప్పి పుట్టడం మామూలే. ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అది నడక నొప్పి కాకపోవచ్చు. సుదీర్ఘ ప్రయాణాల తర్వాత సిరలో రక్తం గడ్డకడితే ఇలాగే ఉంటుంది. మసాజ్ చేయించకుండా, విమానం ఎక్కక ముందే డాక్టరుకు చూపించండి.